గొడుగు కింది నీళ్ళు

తవుడు గోతానికి మేకుతో బెజ్జాలు పొడుస్తున్న మాణిక్యం తలెత్తి చూసేసరికి చెరువు ఎర్రబడింది.

పొద్దున్న చేపలకి మేత సంచులు కట్టడానికి పడవలో వెళ్ళినప్పుడు నీళ్ళ మీది తెట్టు పచ్చగా ఉంది, పెసరపిండి కలిపినట్టు. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి ఆ తెట్టే ఇటుకపొడి చల్లినట్టు ఎర్రగా, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పరుచుకుంది. ఆమె కుడికన్ను మూసుకుని ఎడమకంటితో చూసింది. తర్వాత రెండు కళ్ళూ మూసుకుంది. మూసుకున్నా రెప్పల లోపల ఎరుపే.

ఆ గట్టు మీద నీడంటూ ఉంటే తాటాకు పాకదే. చెట్టుంటే ఆకు రాలి నీళ్ళు పాడవుతాయి, కొమ్మ ఉంటే నీటికాకులు వాలి పిల్లచేపల్ని ఎత్తుకుపోతాయి అని, చెరువు లీజుకు తీసుకున్న శ్రీరంగనాయకులు గారు గట్టు చుట్టూ ఉన్న తుమ్మల్ని మొదలంటా కొట్టించేశారు. నిరుడు సర్కారువాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పగలగొట్టినప్పుడు, వాళ్ళు గీసిన కాంటూరు హద్దు బయట ఉండబట్టి ఈ చెరువు మిగిలింది. చెరువుతోపాటు కాపలా మిగిలింది. కాపలా అంటే వరదానం, అతని పెళ్ళాం మాణిక్యం. చుట్టూ నీళ్ళు, నెత్తిన ఎండ, నీళ్ళ మీద పడి కిందినుంచి ఎగదన్నే ఇంకో ఎండ. పైఎండకి కొంగు కప్పుకోవచ్చు. కిందిఎండకి ఏం కప్పుకుంటారు?

కుడికంట్లో ముక్కువైపు నుంచి కండ పెరుగుతోంది. ఏలూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ లైటు వేసి చూసి, "నల్లగుడ్డు మీదికి వచ్చేస్తోందమ్మా. నీళ్ళ తళుకు పడని చోటికి వెళ్ళిపో. నీడపట్టున ఉండాలి. లేకపోతే కోసి తీసినా మళ్ళీ పెరుగుతుంది" అంది. నీడపట్టున. ఆ మాటని మాణిక్యం తిరుగు బస్సులో బెల్లంముక్కలా బుగ్గన పెట్టుకునే వచ్చింది. ఎందుకంటే ఆమె అక్క రూతమ్మ ఉండేది కామవరపుకోట దగ్గర పామాయిల్ తోటలో. నడిఎండాకాలంలో కూడా ఆ తోటలో మట్టల కింద ఇంత నీడ, ఇంత చల్లదనం. ఈస్టరుకి అక్కడి కాపలావాళ్ళు వెళ్ళిపోతున్నారు. ఈస్టరు లోపల మీరు రాకపోతే తోట రైతు వేరే మొగుడూపెళ్ళాల్ని పెట్టేస్తాడని రూతమ్మ రెండుసార్లు ఫోను చేయించింది. వెళ్ళిపోతామని వరదానం చెరువు అయ్యగారికి చెప్పాడు కూడా. "అలాగే, చూద్దాంలే" అన్నారాయన. రేపు మట్టల ఆదివారం. ఆ పై ఆదివారమే ఈస్టరు.

గట్టు మొదట్లో కారు ఆగిన చప్పుడైంది.

శ్రీరంగనాయకులు గారు దిగారు. వెనకాల గుమాస్తా రాజకుమార్. నీళ్ళు తోడే ఇంజను దగ్గరున్న వరదానం తలగుడ్డ విప్పుకుంటూ పరుగెత్తాడు. అయ్యగారు నీళ్ళ అంచున గొంతుక్కూచుని చూపుడువేలు ముంచి, ఎత్తి చూసుకున్నారు. వేలికి కుంకం అంటినట్టు అంటింది. దాన్ని చేతిగుడ్డకి తుడుచుకుని, ఆ గుడ్డని మడత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"ఇవాళ ఎన్ని పోయాయి, వరదానం?"

"తెల్లారగట్ల చేపలన్నీ గాలికి మూతులు పైకెట్టేశాయండి. పెద్ద బొచ్చెచేపలు కాసిని చచ్చి తేలాయండి. ఎండెక్కాక మిగతావి సర్దుకున్నాయండి, ఆయ్."

"పొద్దున్నే నీళ్ళు పట్టించి ఏలూరు ల్యాబుకి పంపాను. పచ్చగా ఉన్నాయట, మామూలు నాచేనట. మరి నేను వస్తే ఎర్రగా ఉన్నాయి. పొద్దుటికీ మధ్యాహ్నానికీ మధ్యలో ఈ గట్టు మీద ఎవరుంటారు?"

ఆయన గొంతు ఎప్పుడూ లేవదు. తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు గోల మధ్య పుట్టి పెరిగిన మనిషికి అంత మెత్తటి గొంతు ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. అరిచేవాళ్ళకి ఎదురు చెప్పవచ్చు. ఆ గొంతుకి ఎదురు చెప్పడానికి నోరు రాదు.

"మేవేనండి" అన్నాడు వరదానం.

"అమ్మా మాణిక్యం, తవుడులో ఏం కలుపుతున్నావమ్మా?"

"వేరుశనగ చెక్క కలుపుతానండి. మీరు పంపిందేనండి."

"అంతేనా?"

"అంతేనండి."

అంటూనే ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంది. నిన్న శుక్రవారం సాయంత్రం, ఈస్టరుకని కొనుక్కున్న ఎర్రచీరని చెరువు మూలన జాడించింది. కొత్తచీర. రంగు పోయింది, పోయింది, పోతూనే ఉంది. నీళ్ళు ఆ మూలంతా ఎర్రగా అయి మెల్లగా లోపలికి కరిగిపోయాయి. ఈ చెరువులో బట్టలు ఉతక్కూడదు, సబ్బు పడకూడదు, అది అయ్యగారి కట్టడి. సబ్బు పెట్టలేదు కదా అనుకుంది. తెల్లారి మధ్యాహ్నానికి చెరువంతా ఎరుపు. ఆ సంగతి వరదానానికి కూడా చెప్పలేదు.

"నేను మిమ్మల్నేమీ అనడం లేదు" అన్నారు అయ్యగారు లేస్తూ. "వెళ్ళిపోతామన్న వారంలోనే ఇలా అయింది. ఊళ్ళో నలుగురూ నాలుగంటారు. మీ మంచికే చెబుతున్నాను, చేపల పట్టుబడి అయ్యేదాకా గట్టు దాటకండి. మీరు వెళ్ళిపోతే చెరువులో మందు పోసింది మీరే అని మీకు మీరు చెప్పుకున్నట్టు అవుతుంది. ఏమంటావు వరదానం?"

"ఆయ్, అంతేనండి."

"సైకిలు చైను వదులైపోయింది, బాగుచేయించి తెస్తా" అని రాజకుమార్ వరదానం సైకిలు ఎక్కి వెళ్ళిపోయాడు. చైను బాగానే ఉంది. గట్టు రోడ్డులో కలిసేచోట ఇనపగేటుకి అప్పటిదాకా గొలుసు ఊరికే వేలాడేది. కారు బయటికి వెళ్ళాక దానికి తాళం పడింది.

*

ఆదివారం పొద్దున్న కాలవ అవతల చర్చిలో గంట కొట్టారు. ఊరంతా మట్టలు పట్టుకుని పాడుకుంటూ కాలవగట్టువార నడిచి వెళుతోంది. నీళ్ళ మీద పాట తేలుతూ వచ్చింది. మనుషులు కనిపించలేదు, ఎత్తిపట్టిన కొబ్బరిమట్టలే జమ్ముగడ్డి పైన ఊగుతూ కనిపించాయి. వరదానం పాక ముందు నిలబడి పెదాలు కదిపాడు. ఏటా ముందు నడిచి పాట ఎత్తుకునేది అతనే.

"ఎవరో కీచుగొంతుతో ఎత్తుకున్నాడు. రెండో చరణానికే పడుకుంటుంది చూడు" అన్నాడు.

అతను అన్నట్టే రెండో చరణం దగ్గర పాట తడబడింది. అతనికి సంతోషం కలగలేదు.

"ఏవయ్యా, గేటుకి తాళవేసినంత మాత్రాన ఏవైంది? పక్కనించి నీళ్ళలో దిగి పోలేవా?" అంది మాణిక్యం.

"పోగలం. పోయి ఏవంటాం? అయ్యగారన్నది తప్పంటావా? పోతే మనవే పోసినట్టు."

"పొయ్యలేదుగా."

"పొయ్యలేదు కాబట్టే ఉండాలంటున్నా. పోసినోడు పారిపోతాడే పిచ్చిదానా, పొయ్యనోడు నిలబడతాడు."

"నిలబడి ఎంత కాలం? అక్కేవో ఈస్టరు దాకానే అంటోంది. పట్టుబడి ఎప్పుడో వానల్లో. అప్పటికి నా కన్ను..." చెప్పాల్సింది ఇంకోటి ఉంది, చీర మాట. చెబితే ఈయన నిలబడి ఉన్న ఆ ఒక్క మాట కూడా కూలిపోతుంది.

వరదానం ఆమె మొహంలోకి చూశాడు. "ఏంటే?"

"ఏం లేదు. కన్ను గుచ్చుతోంది."

ఆ మధ్యాహ్నం ఎరుపు ఇంకా చిక్కగా వచ్చింది. మాణిక్యం పాకలోకి వెళ్ళి, ఆరేస్తే ఎవరైనా చూస్తారని తడిమీదే మడతపెట్టిన చీర తీసి, తవుడు గోతాల వెనక్కి దోపింది. బయటికి వచ్చింది. ఉండబట్టక మళ్ళీ లోపలికి వెళ్ళి అడుగుగోతం కిందికి నెట్టింది. చేతులు చూసుకుంది. వేళ్ళ సందుల్లో ఎరుపు. అది చీరదో చెరువుదో ఆమెకు తెలియలేదు.

ఒక చీర రంగు ఎనిమిదెకరాల నీళ్ళని ఎర్రబరుస్తుందా? ఆ అనుమానం రాకపోలేదు. కానీ తప్పు చేశానేమో అని భయం పట్టుకున్న మనిషి లెక్కలు వెయ్యదు. పొద్దున్న పచ్చగా కనిపిస్తే, దేవుడా పోయింది అనుకునేది. ఎండెక్కేకొద్దీ ఒక్కో మూలా ఎర్రబడుతుంటే, అడుక్కి దిగిన రంగు ఎండకి పైకి పొంగుతోంది అనుకునేది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. కళ్ళు తెరిస్తే ఎరుపు.

*

సోమవారం రాజకుమార్ వచ్చి, "అయ్యగారు పాక చూసి రమ్మన్నారండి, ఏవీ అనుకోకండి" అన్నాడు. ఆ ప్రాంతంలో ఇల్లు సోదా చేసేవాడు కూడా అండీ అనకుండా చెయ్యడు. కుండలు చూశాడు. పెట్టె తీయించి చూశాడు. దిండు నలిపి చూశాడు. తవుడు గోతాలు ఒక్కొక్కటే పక్కకి లాగించాడు. లాగింది వరదానమే. అడుగుగోతం లాగేసరికి ఎర్రచీర ముద్ద బయటపడింది. ఆ చెమ్మకి గోతం అడుగున ఎర్రటి మరక.

వరదానం చీరని చూశాడు. తర్వాత పెళ్ళాన్ని చూశాడు. ఆ చూపు మాణిక్యం తట్టుకోలేకపోయింది.

"జాడించాను" అంది. "శుక్రారం. మూలన. సబ్బెట్టలేదు. రంగు పోయింది. నా వల్లే అయిందేవో అని..."

రాజకుమార్ చీరని పుల్లతో ఎత్తాడు. "బాగుందండోయ్. చీర రంగుకి చేపలు చస్తాయా? ఈ లెక్కన తిరనాళ్ళప్పుడు కొల్లేరు మొత్తం ఖాళీ అయిపోవాలి. దీంట్లో మందు మూటకట్టి ముంచారు, అదీ సంగతి."

"మాట తిన్నగా రానీ రాజకుమార్!" అన్నాడు వరదానం. అతని గొంతు అంతగా లేవడం మాణిక్యం ఎప్పుడూ వినలేదు.

"నన్నంటారేంటండీ? దాచిందెవరు? నేనా?"

రాజకుమార్ చీరని సంచిలో వేసుకున్నాడు. రేపు ల్యాబు అమ్మాయిని తీసుకొచ్చి మధ్యాహ్నం నీళ్ళు పట్టిస్తామని, మందు ఉందని కాగితం వస్తే అయ్యగారు స్టేషనుకి వెళతారని చెప్పి, గేటుకి తాళం వేసుకుని వెళ్ళిపోయాడు.

వరదానం గోతాల్ని మళ్ళీ ఒకదానిమీద ఒకటి సర్దాడు. మరక ఉన్న గోతాన్ని తిప్పి, మరక గోడవైపుకి పెట్టాడు. ఆఖరికి, "నాకైనా చెప్పకపోయావా" అన్నాడు.

"చెబితే నువ్వెళ్ళి ఆయనకి చెప్పేస్తావు. నీకు మాట దాగదు."

"దాగదు" అని ఒప్పుకున్నాడు. కాస్త ఆగి, "ఎరుపేంటే, నీకు తెలుపు కదా నప్పేది" అన్నాడు. ఆ రోజుకి వాళ్ళ మధ్య నవ్వు లాంటిది ఏదైనా ఉందంటే అదొక్కటే.

*

ల్యాబు అమ్మాయి పేరు సిల్వియా. మంగళవారం మిట్టమధ్యాహ్నం రాజకుమార్ మోటారుసైకిలు వెనక కూర్చుని, నల్లగొడుగు వేసుకునే వచ్చింది. బండి మీద గొడుగేంటండీ అని దారంతా నవ్వానని రాజకుమార్ చెప్పాడు. "నాకు ఎండ పడదండీ, దద్దుర్లొచ్చేస్తాయి" అంది ఆ అమ్మాయి సిగ్గుపడకుండా. నీళ్ళు చూసి మాత్రం నవ్వు ఆపేసింది.

"శనివారం నేను టెస్టు చేసినవి ఈ నీళ్ళేనా?"

"ఇవేనండి. అవి పచ్చగా ఉన్నప్పటివి" అన్నాడు రాజకుమార్.

ఆమె మోకాళ్ళ మీద వంగి గాజుసీసాలోకి ఎర్రతెట్టు పట్టింది. మూత బిగించి, చెమటలు కక్కుతూ పాకలోకి వచ్చి, నులకమంచం మీద కూర్చుంది. అయ్యగారు వచ్చేదాకా ఆగమన్నారు. మాణిక్యం కుండలో మజ్జిగ తీసి, ఉప్పేసి ఇచ్చింది.

"తాగండమ్మా. దీంట్లో ఏం కలపలేదు" అంది.

సిల్వియా గ్లాసు పట్టుకుని ఆమెవైపు చూసింది. మాణిక్యం నవ్వలేదు. సిల్వియా గడగడా తాగేసి, "ఇంకొంచెం పోయండి పిన్నిగారూ" అంది.

అయ్యగారు రావడం ఆలస్యమైంది. చర్చి సంగతులూ, ఎవరి తాత ఏ ఊరి మిషను బడిలో పనిచేశాడూ అన్న కబుర్లలో ఆడవాళ్ళిద్దరూ పడ్డారు. కారు చప్పుడు విని సిల్వియా లేచి మంచం కింద పెట్టిన సీసా తీసింది. తీసి, అలాగే నిలబడిపోయింది.

సీసాలో నీళ్ళు పచ్చగా ఉన్నాయి.

"ఎవరు మార్చారు సీసా?" అన్నాడు రాజకుమార్. అతని చూపు తిన్నగా మాణిక్యం మీదికి వెళ్ళింది.

"ఎవరూ మార్చలేదండీ. నా కాళ్ళ దగ్గరే ఉంది" అంది సిల్వియా. సీసాని పాక గుమ్మంలోకి తెచ్చి, వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. ఒకసారి చెరువువైపు చూసింది. ఒకసారి తన గొడుగువైపు. "అయ్యో. చదువుకున్నానండీ ఇది. డిగ్రీలో బొమ్మ కూడా వేశాను. పుస్తకంలోదే అనుకున్నాను గానీ..." అని, ఇక ఎవరికీ ఏమీ చెప్పకుండా పరుగెత్తింది.

తెట్టు కదలకుండా పేరుకున్న మూల చూసి, అక్కడ గట్టువార గొడుగు కర్రని బురదలో గుచ్చి, నీళ్ళ మీదికి వంచి నిలబెట్టింది. గొడుగంత నల్లటి నీడ ఎర్రతెట్టు మీద పడింది. తర్వాత మాణిక్యాన్ని అడిగి రెండు బేసిన్లు తెప్పించింది. ఒకదాంట్లో ఎర్రతెట్టు పోసింది. రెండోదాంట్లో మంచినీళ్ళు పోయించి, రాజకుమార్ సంచిలో మోసుకు తిరుగుతున్న చీరని అందులో ముంచింది. నీళ్ళు వెంటనే ఎర్రబడ్డాయి. చీర పిండి తీసేసి, రెండు బేసిన్లనీ పాకలో నీడన పక్కపక్కన పెట్టింది.

"ఇప్పుడేం చెయ్యాలమ్మా?" అన్నారు అయ్యగారు.

"కూచోవాలండీ. నీడ పట్టాక కొంచెంసేపు పడుతుంది."

కూర్చున్నారు. నులకమంచం మీద అయ్యగారు, గోతం మీద సిల్వియా, గుమ్మంలో గుమాస్తా. వరదానం, మాణిక్యం నిలబడ్డారు. మాణిక్యం బేసిన్లవైపు చూడలేదు, తలవంచుకుని తన కాలివేళ్ళు చూసుకుంది. పచ్చబడకపోతే? పచ్చబడకపోతే రేపు ఈ వేళకి తను ఎక్కడ ఉంటుంది? ముందు చూసింది వరదానం. అతను పెళ్ళాం మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. వేళ్ళు దిగేలా నొక్కాడు.

తెట్టు పోసిన బేసిను అంచుల్లో ఎరుపు మాసిపోతోంది. మాసి, బూడిదరంగుకి తిరిగి, కొంచెంకొంచెంగా లోపలినుంచి పచ్చదనం తేలింది. పక్క బేసిన్లో చీర రంగు చీర రంగులాగే ఉంది, చెక్కుచెదరలేదు.

అందరూ బయటికి వచ్చారు. సిల్వియా గొడుగు పీకేసింది. ఎర్రటి చెరువులో గొడుగంత మేర గుండ్రంగా పచ్చమచ్చ. శ్రీరంగనాయకులు గారు అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని ఆ మచ్చని చూస్తూ ఉండిపోయారు. చూస్తుండగానే దాని అంచులు మళ్ళీ ఎర్రబడడం మొదలెట్టాయి.

"ఇది మందు కాదండీ. చీర రంగు అంతకన్నా కాదు. ఇది బతికుందండీ" అంది సిల్వియా. "కంటికి ఆనని నాచుజీవాలు, కోట్లకొద్దీ. వీటికి వెలుతురే తిండి. కానీ తిండయినా మితిమీరితే అరగదు కదండీ? ఎండ మరీ ఎక్కువైతే లోపలి పచ్చదనం మాడిపోతుంది. పారిపోదామంటే ఎక్కడికి పోతాయి, చెరువులో ఉన్నాయి. అందుకని ఒంట్లో ఓ ఎర్రరంగు దాచుకుంటాయి. ఎండెక్కేసరికి దాన్ని చర్మం కిందికి తెచ్చి చుట్టూ కప్పుకుంటాయి. గొడుగు వేసుకున్నట్టే. నీడ పట్టగానే మళ్ళీ మధ్యలోకి ముడిచేసుకుంటాయి. పచ్చదనం ఎక్కడికీ పోదండీ, లోపలే ఉంటుంది."

"మరి చేపలు?"

"ఈ తెట్టు ఇంతగా పెరిగితే రాత్రిపూట నీళ్ళలో గాలంతా పీల్చేస్తుందండీ. అందుకే తెల్లారగట్ల మూతులు తేలేస్తున్నాయి. ఎరువేం వేస్తున్నారు?"

"కోళ్ళెరువు" అన్నాడు వరదానం. "ఎక్కువవుతోందని అన్నానండి. ఇంకో లారీ తోలించారండి."

ఎవరు తోలించారో అతను చెప్పలేదు. రాజకుమార్ మోటారుసైకిలు టైరులో గాలి ఉందో లేదో నొక్కి చూసుకున్నాడు. అయ్యగారు మాత్రం నవ్వారు, అదే మెత్తటి నవ్వు. "అయితే నేనే అన్నమాట దొంగని" అన్నారు.

మేత తగ్గించమని, ఎరువు ఆపమని, పాతచీరతో తెట్టుని ఓ మూలకి లాగి ఎత్తిపోయమని, కాలవనీళ్ళు తోడించమని చెప్పి సిల్వియా బయలుదేరింది. బండెక్కుతూ ఆగి, మాణిక్యం కుడికంట్లోకి చూసింది.

"ఇది ఎన్నాళ్ళయింది పిన్నిగారూ?"

"చాన్నాళ్ళయిందమ్మా. నీడపట్టున ఉండమన్నారు."

సిల్వియా గట్టంతా ఓసారి కలయజూసింది. చూడడానికి ఎంతోసేపు పట్టలేదు. గొడుగు ముడిచి మాణిక్యం చేతిలో పెట్టేసింది. రాజకుమార్ తలగుడ్డ అడిగి నెత్తిన చుట్టుకుని వెళ్ళిపోయింది.

*

బుధవారం, గురువారం మొగుడూపెళ్ళాలిద్దరూ మొలలోతు నీళ్ళలో చీర చెరోవైపు పట్టుకుని తెట్టు లాగారు. ఎర్రచీరే. ఎలాగూ పాడయిందిగా అంది మాణిక్యం. వరదానం హుషారుగా ఉన్నాడు. కీచుగొంతువాడిని వెక్కిరిస్తూ మట్టల ఆదివారం పాట మొత్తం మొదటినుంచీ పాడాడు. శుక్రవారం తెల్లారి చేపలు మూతులెత్తలేదు. మధ్యాహ్నం ఎరుపు పూర్తిగా పోలేదు గానీ చాలా పలచబడింది.

శనివారం అయ్యగారు వచ్చారు. రాజకుమార్ వరదానం సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. చైనుకి కొత్తగా నూనె పెట్టించారు. అయ్యగారి చేతిలో కాగితం పొట్లంలో చీర. తెల్లచీర, సన్నంచు.

"తప్పు పట్టుకోకండి. తొందరపడ్డాను" అన్నారు. అని, జేబులోంచి గేటు తాళంచెవి తీసి వరదానం అరచేతిలో పెట్టి, వేళ్ళు ముడిచారు. "ఇక ఇది నీ దగ్గరే ఉండాలి. ఇన్నాళ్ళూ కాపలావాళ్ళని చూశాను గానీ, ఇంత నిందపడి కూడా గట్టు దిగని మనిషిని చూడలేదయ్యా. ఇలాంటివాళ్ళని వదులుకుని నేను చెరువు ఎవరి చేతిలో పెట్టను? పై చెరువు కూడా తీసుకుంటున్నాను. రెండూ నువ్వే చూడాలి. కాదనకు."

వరదానం ఎండకి మాడిన మొహం లోపలినుంచి ఎర్రబడింది. "ఆయ్" అన్నాడు. "మీరంతగా అన్నాక కాదంటానాండి?"

మాణిక్యం తవుడు కలుపుతున్న చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ కలిపింది. కారు వెళ్ళిపోయి, రాజకుమార్ గేటుకి తాళం నొక్కి ఇంజను దగ్గరికి చేరేదాకా కలుపుతూనే ఉంది. తర్వాత చేతులు కడుక్కుని, పాకలోకి వెళ్ళి, తీగ మీద ఆరిన ఎర్రచీర కట్టుకుంది. అక్కడక్కడ వెలిసి, అక్కడక్కడ నాచు పచ్చగా అంటుకుని ఉంది. తెల్లచీర పొట్లాన్ని తవుడుగోతం మీద పెట్టింది. చేతిసంచీ, గొడుగూ తీసుకుని బయటికి వచ్చింది. ఎండ నడినెత్తిన ఉంది.

"తాళంచెవి ఇయ్యి" అంది.

"ఎక్కడికే?"

"నీడకి."

వరదానం చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. "ఇప్పుడా? అయ్యగారికి మాటిచ్చాను. విన్నావుగా."

"నువ్వు ఇచ్చావు."

"అంత మర్యాద చేసినాక..."

"దొంగలన్నప్పుడు పోతే దొంగలవుతావన్నావు. ఉన్నాను. దొంగలం కాదని తేలింది. ఇప్పుడు పోతే ఏవవుతాను, చెప్పు?"

అతను తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"ఆయన తాళవేసినప్పుడు నువ్వూ నేనూ ఒకే వైపున ఉన్నామయ్యా" అంది మాణిక్యం మెల్లగా. "ఇప్పుడు తాళంచెవి నీ జేబులో ఉంది."

వరదానం చెరువువైపు తిరిగి నిలబడ్డాడు. ఆఖరికి తాళంచెవి తీశాడు. ఆమె చేతికి ఇవ్వలేదు, పొట్లం పక్కన తవుడుగోతం మీద పెట్టాడు. ఆమె తీసుకుంది.

గొడుగు విప్పి నడిచింది. రెండువైపులా నీళ్ళ మీద ఎరుపు పలచగా మెరుస్తోంది. చూపు కిందికి దించి గొడుగు నీడలోనే అడుగులు వేసుకుంటూ పోయింది. గేటు తెరిచింది. గొలుసు పక్కకి తీసి, తాళాన్ని, చెవి దానికే వదిలేసి, గేటుకి తగిలించింది. రోడ్డు ఎక్కింది. ఏలూరు బస్సు ఆగేచోటు ఇంకా దూరం.

వెనకాల నూనె పెట్టిన చైను సన్నగా చప్పుడు చేసింది. ఆమె తిరగలేదు. సైకిలు పక్కకి వచ్చి ఆగింది.

"ఎక్కు. బస్సు దాకా దింపుతాను" అన్నాడు వరదానం, ముందుకే చూస్తూ.

"గట్టు మీద ఎవరున్నారు?"

"రాజకుమార్‌కి కేకేసి చెప్పా. రెండు సంచులు కట్టడం చచ్చేంత పనా, కట్టుకుంటాడు."

మాణిక్యం అతన్ని చూసింది. ఈస్టరు ఆరాధనకని మడతపెట్టి ఉంచుకున్న తెల్లచొక్కా వేసుకున్నాడు. గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నాడు. బస్సు దాకా దింపడానికి ఎవరూ ఆ చొక్కా వేసుకోరు. వెనక ఎక్కి కూర్చుంది.

"గొడుగు నా మీదికెందుకే? నాకు ఎండ అలవాటే" అన్నాడు తొక్కుతూ.

"పచ్చబడాలిగా" అంది.

"ఏంటీ?"

నీడ పట్టాక కొంచెంసేపు పడుతుంది. ఆమె గొడుగుని ఇంకాస్త ముందుకి జరిపింది.